పాకంలో ఈదే వేటగాడు

జనవరిలో మా బాబాయిని న్యుమోనియాతో నగరంలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో చేర్చాం. మూడో రోజు కఫం కల్చర్ రిపోర్టు చేతికొచ్చింది. పైన బ్యాక్టీరియా పేరు: క్లెబ్సియెల్లా న్యుమోనియే. కింద యాంటీబయాటిక్స్ జాబితా. ఒక్కో మందు పేరుకు ఎదురుగా ‘ఆర్’, మళ్ళీ ‘ఆర్’, మళ్ళీ ‘ఆర్’. ఆర్ అంటే రెసిస్టెంట్, అంటే ఆ మందు ఈ బ్యాక్టీరియా మీద పనిచెయ్యదని. జాబితా అడుగున రెండు మందులకు మాత్రం ‘ఎస్’ ఉంది. ఆ రెండింటితోనే బాబాయి బయటపడ్డాడు.

ఆ పది రోజుల్లో నా మనసులో బాగా నాటుకున్నది వేరే మాట. సిస్టర్ సన్నటి గొట్టంతో కఫం లాగుతూ, “చాలా చిక్కగా ఉందమ్మా, తీగలా సాగుతోంది, రావట్లేదు” అంది పిన్నితో. నేను అంతకు కొన్ని నెలల ముందే బ్యాక్టీరియాను వేటాడి తినే బ్యాక్టీరియా గురించి చదివాను. మందులకు లొంగని క్రిములను కూడా అవి తినేస్తాయని, రేపటి చికిత్సల్లో వాటికి చోటుండవచ్చని అందులో ఉంది. అప్పుడు ఆశగా అనిపించింది. సిస్టర్ మాట విన్నాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ప్రయోగశాలలో నీళ్ళలాంటి ద్రవంలో చకచకా ఈదే ఆ వేటగాడు ఇంత చిక్కటి కఫంలో ఎలా కదులుతాడు? కదల్లేకపోతే ఎలా వేటాడతాడు?

ఆ సందేహం పట్టుకుని వెతికితే దొరికిన సమాధానం నేను అనుకున్నదానికి దాదాపు తలకిందులుగా ఉంది.

ముందు వేటగాడి పరిచయం. పేరు బ్డెల్లోవిబ్రియో బ్యాక్టీరియోవోరస్. గ్రీకులో ‘బ్డెల్లా’ అంటే జలగ. హైంజ్ స్టోల్ప్ అనే జర్మన్ శాస్త్రవేత్త మట్టి నమూనాల్లో బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల కోసం వెతుకుతుండగా ఇది బయటపడింది. 1962లో లోకానికి తెలిసింది. వైరస్ అయితే పళ్ళెం మీద పెరిగిన బ్యాక్టీరియా పొరలో ఒక రోజుకల్లా తేటగా గుండ్రటి మచ్చలు కనబడాలి. ఈ పళ్ళేల్లో మచ్చలు రెండు మూడు రోజుల తర్వాత వచ్చి, ఆపైన కూడా పెరుగుతూనే పోయాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే వైరస్ స్థానంలో పరుగులు తీస్తున్న మరో బ్యాక్టీరియా ఉంది.

మన కళ్ళకు ఆనని ఈ జీవి పొడవు సుమారు ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వెడల్పు అందులో మూడో వంతు. ఒక చివర ఒకే ఒక తోక ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని కశాభం అంటారు. దాన్ని మరమేకులా తిప్పుతూ సెకనుకు నూరు మైక్రోమీటర్లకు పైగా, ఒక్కోసారి 160 దాకా కూడా ఈదుతుంది. అంటే తన ఒంటి పొడవుకు వంద రెట్ల దూరం ఒక్క సెకనులో. మన పేగుల్లో ఉండే ఈ.కోలై సెకనుకు 30 మైక్రోమీటర్ల దగ్గరే ఉంటుంది.

వేట జరిగే తీరు ఒళ్ళు గగుర్పొడిచేలా ఉంటుంది. గ్రామ్ నెగెటివ్ రకం బ్యాక్టీరియా కనబడితే ఢీకొని అతుక్కుంటుంది. వాటి ఒంటికి లోపొర, బయటిపొర అని రెండుంటాయి. ఇది బయటి గోడకు చిన్న రంధ్రం చేసి, ఆ రెండు పొరల మధ్య సందులోకి దూరి, వెనకాల రంధ్రం మూసేసుకుంటుంది. వేట, అంటే చిక్కిన ఆ బ్యాక్టీరియా, గుండ్రటి సంచిలా ఉబ్బుతుంది. లోపల కూర్చుని దాని సరుకంతా తింటూ దారంలా పొడుగ్గా పెరిగి, మూడు నాలుగు గంటల్లో ముక్కలై, ఈ.కోలై అయితే మూడు నుంచి ఆరు పిల్లలుగా సంచిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మళ్ళీ ఈత, మళ్ళీ వేట. ఈ కథలో ఈత అవసరమయ్యేది ఒక్క దశలోనే, వేటను కలుసుకునే దాకా. ఆ సంగతి గుర్తుంచుకోండి, లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు చిక్కదనం సంగతి. శాస్త్రంలో దీన్ని స్నిగ్ధత అంటారు. ద్రవంలో ఒక పొర పక్క పొర మీద జారడానికి ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత అది. పాకం పట్టే చేతికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. గరిటె తిరగడం బరువెక్కిందంటే పాకం ముదిరిందని. 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధతను ఒకటి అనుకుంటే, రక్తం నాలుగైదు రెట్లు, అరవై శాతం చక్కెర ఉన్న పాకం సుమారు అరవై రెట్లు, ఆముదం సుమారు వెయ్యి రెట్లు, తేనె వేల రెట్లు. నీరు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున మేడ మీది ట్యాంకులో 15 డిగ్రీలున్న నీరు, మే నెలలో 35 డిగ్రీలున్న అదే నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైగా చిక్కన. బకెట్‌లో చెయ్యి పెడితే మనకు చల్లదనమే తెలుస్తుంది, ఈ తేడా తెలియదు. బ్యాక్టీరియాకు తెలుస్తుంది.

ఎందుకంటే అంత చిన్న ఒంటికి నీరే పాకం. మనం ఈదుతూ కాళ్ళు ఆడించడం ఆపినా కొంత దూరం జారుతూ ముందుకు పోతాం, ఒంటి బరువు తోస్తుంది కాబట్టి. బ్యాక్టీరియాకు ఆ తోపుడు లేదు. ఒంటి బరువు ఇచ్చే తోపుడుకు, ద్రవం పట్టి ఆపే బలానికి మధ్య నిష్పత్తిని రేనాల్డ్స్ సంఖ్య అంటారు. నీటిలో ఈదే మనిషికి అది పది లక్షల దగ్గర ఉంటే, మన వేటగాడికి పదివేలలో ఒక వంతు. ఎడ్వర్డ్ పర్సెల్ అనే భౌతికశాస్త్రవేత్త 1976లో చేసిన ఒక ప్రసంగంలో దీన్ని అందరికీ అర్థమయ్యేలా విప్పి చెప్పాడు. సెకనుకు 30 మైక్రోమీటర్ల వేగంతో పోతున్న బ్యాక్టీరియా తోక తిప్పడం ఆపితే, అది ఆగేలోపు జారే దూరం హైడ్రోజన్ పరమాణువు వెడల్పులో పదో వంతు. ఆగడం అంటే అక్కడికక్కడే ఆగడం. మనకు అలాంటి అనుభవం కొంతైనా కలగాలంటే ముదురు పాకం నింపిన తొట్టిలో దిగి, చేతుల్ని గడియారంలో నిమిషాల ముల్లు కదిలినంత నెమ్మదిగా కదిలించాలి.

అలాంటి లోకంలో చేప తోకలా అటూ ఇటూ ఆడిస్తే లాభం లేదు. అటు ఆడించినప్పుడు ఎంత ముందుకు పోతుందో ఇటు ఆడించినప్పుడు అంతే వెనక్కి వస్తుంది. అందుకే బ్యాక్టీరియా మరలాంటి తోకను ఒకే వైపు తిప్పుకుంటూ పోతుంది, బెండు బిరడాలోకి మరమేకు దిగినట్టు.

ఇక చిక్కదనం పెరిగితే ఏమవుతుంది? తోక మొదట్లో ఉన్న మోటారు ప్రోటాన్ల ప్రవాహంతో తిరుగుతుంది. భారం బాగా పెరిగినప్పుడు అది తిప్పే బలం దాదాపు ఒకే స్థాయిలో ఉంటుందని ఈ.కోలై మీద కొలిచి చూశారు. బలం అంతే ఉండి ద్రవం రెండు రెట్లు చిక్కనైతే తోక సగం వేగంతో తిరుగుతుంది, ఈత కూడా సగమవుతుంది. ఇక్కడ నన్ను ఆకట్టుకున్న చిన్న విశేషం ఒకటుంది. ఇంత చిన్న జీవిని నీటి అణువులు ఎడాపెడా కొడుతుంటాయి కాబట్టి అది తిన్నగా పోలేదు, సెకనో రెండు సెకన్లో గడిచేసరికి ముఖం ఎటో తిరిగిపోతుంది. ద్రవం చిక్కబడితే ఈ తిరుగుడు కూడా అదే పాళ్ళలో నెమ్మదిస్తుంది. అంటే అది గీసే దారి ఆకారం పెద్దగా మారదు, అదే సినిమాను నెమ్మదిగా తిప్పినట్టు ఉంటుంది. అయితే ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి మళ్ళాలో తేల్చే గడియారం బ్యాక్టీరియా ఒంట్లో ఉంది. అది బయటి చిక్కదనాన్ని పట్టించుకోదు. దాంతో రెండు మలుపుల మధ్య నడిచే దూరం తగ్గి, దారి మరింత మెలికలు తిరుగుతుంది.

ఇంతవరకు చదివిన ఎవరైనా నాలాగే అనుకుంటారు: ఈత తగ్గింది, కాబట్టి వేట కూడా అదే పాళ్ళలో తగ్గుతుంది.

2019లో వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా దీన్నే పరీక్షించింది. పాలివినైల్ పైరోలిడోన్ అనే పాలిమర్‌ను, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల పదార్థాన్ని, కలిపి ద్రవాన్ని అంచెలంచెలుగా చిక్కబరిచారు. 28 డిగ్రీల దగ్గర, మన ఒంటి వేడి అయిన 37 డిగ్రీల దగ్గర రెండు చోట్లా చూశారు. బ్డెల్లోవిబ్రియోలో రెండు రకాలు తీసుకున్నారు. వాటికి తోడు మైకావిబ్రియో అనే మరో వేటగాడిని పెట్టారు. అది లోపలికి దూరదు, బయటే జలగలా పట్టుకుని పీలుస్తుంది. చిక్కటి ద్రవంలో ఈత వేగం బాగా పడిపోయింది, అనుకున్నట్టే. కానీ చివరికి మిగిలిన వేట బ్యాక్టీరియాను లెక్కపెడితే, పల్చటి ద్రవంలో ఎంత తగ్గాయో ఇక్కడా దాదాపు అంతే తగ్గాయి. కొంచెం ఆలస్యం, అంతే. వేట ఈదేదైనా ఈదలేనిదైనా, విడివిడిగా ఉన్నా గుంపులు కట్టినా ఫలితం మారలేదు. అన్నిటికన్నా ఆశ్చర్యం: వేటగాళ్ళను చాలా తక్కువ సంఖ్యలో వేసి మొదలుపెట్టినప్పుడు, చిక్కటి ద్రవంలోనే వేట ఇంకా వేగంగా సాగింది.

ఈ ఫలితం చదివాక కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఇది ముతక లెక్క, కానీ చాలా చెబుతుంది. ఒక మిల్లీలీటరులో పది కోట్ల వేట బ్యాక్టీరియా ఉన్నాయనుకుందాం. ప్రయోగశాల గొట్టంలో ఇది మామూలు సంఖ్య. అప్పుడు ఒక్కో బ్యాక్టీరియా వాటాకు పదివేల ఘన మైక్రోమీటర్ల చోటు వస్తుంది. అంటే పక్కవాడు ఇరవై మైక్రోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. వేటగాడు సెకనుకు నూరు మైక్రోమీటర్లు ఈదుతూ, సుమారు మూడు చదరపు మైక్రోమీటర్ల మేర దారిని ఊడ్చుకుంటూ పోతే, సెకనుకు మూడు వందల ఘన మైక్రోమీటర్లు గాలించినట్టు. పదివేలను మూడు వందలతో భాగిస్తే ముప్పైమూడు. అంటే అర నిమిషంలో ఒక వేట తగులుతుంది. ద్రవం ఐదు రెట్లు చిక్కబడి ఈత ఐదో వంతుకు పడిపోయినా మూడు నిమిషాల లోపే తగులుతుంది.

తగిలాక? లోపలికి దూరి, తిని, పిల్లలు పెట్టడానికి మూడు నాలుగు గంటలు. ఆ గంటల్లో బయటి ద్రవం నీరైనా పాకమైనా దానికి ఒకటే, అది వేట కడుపులో ఉంది. నాలుగు గంటల పనిలో అర నిమిషం వెతుకులాట మూడు నిమిషాలైతే ఏం నష్టం? ట్యాంక్‌బండ్ మీద ఐదు నిమిషాలు ట్రాఫిక్‌లో ఆగినంత మాత్రాన విజయవాడ ప్రయాణం చెడిపోదు కదా. పది ఢీల్లో ఒకటే నిజంగా అతుక్కుంటుందనుకుని లెక్క మళ్ళీ వేసినా, ఐదున్నర నిమిషాలు అరగంటవుతుంది. ఆలస్యమే, వేట మాత్రం సాగుతుంది.

అదే లెక్కలో వేట పల్చబడితే కథ మారిపోతుంది. మిల్లీలీటరుకు పది కోట్ల బదులు ఒక లక్షే ఉంటే, పూర్తి వేగంతో ఈదినా ఒక్కటి తగలడానికి తొమ్మిది గంటలు పడుతుంది. ఐదు రెట్లు చిక్కటి ద్రవంలో దాదాపు రెండు రోజులు. ఈ వేటగాడు తిండి లేకుండా ఎక్కువ కాలం నిలవలేడు. ఆ ఒళ్ళంతా ఈత కోసమే పనిచేస్తుంటుంది, దాచుకున్న ఇంధనం గంటల్లో కరిగిపోతుంది. అందుకే ‘చిక్కటి ద్రవంలో వేటాడగలదా’ అని అడగడం సగం ప్రశ్నే అని నాకనిపిస్తుంది. ‘వేట ఎంత ఒత్తుగా ఉన్నచోట’ అన్నది మిగతా సగం. జబ్బు ముదిరిన ఊపిరితిత్తుల్లో, మురుగు బురదలో వేట ఒత్తుగానే ఉంటుంది.

మరి తక్కువ వేటగాళ్ళున్నప్పుడు చిక్కదనం వేటను పెంచడమేమిటి? పరిశోధకులు ఈత దారుల్ని ఒక్కొక్కటిగా గీసి చూసి కొన్ని కారణాలు సూచించారు. చిక్కదనంతో ఈత తీరు మారుతోంది. వేటగాళ్ళు తమలో తాము ఢీకొని వృథా చేసుకునే సందర్భాల లెక్క కూడా మారుతోంది. పైగా పాలిమర్ అణువులు ద్రవమంతా కిక్కిరిసి ఉంటే, దగ్గరికొచ్చిన రెండు ఒళ్ళను అవి ఒకదానికేసి ఒకటి నెడతాయి. కిటకిటలాడే బస్సులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని చుట్టూ ఉన్న జనమే దగ్గరికి తోసినట్టు. ఆ తోపుడు వేటగాడు వేటకు అతుక్కోవడానికి సాయపడవచ్చు.

చిక్కదనం అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే మనం ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతులను పిలుస్తున్నాం.

చక్కెర పాకం ఒక రకం. చక్కెర అణువులు చిన్నవి, ద్రవమంతా సమానంగా కలిసిపోతాయి. బ్యాక్టీరియా ఎటు తిరిగినా అదే చిక్కదనం. బెండకాయ జిగురు ఇంకో రకం. అందులో పొడవాటి దారాల్లాంటి అణువులు చిక్కుపడి ఉంటాయి, మధ్యలో ఉన్నదంతా నీరే. రంజాన్ నెలలో పాతబస్తీలో భట్టీ మీద గంటలకొద్దీ కొట్టిన హలీంను గరిటెతో ఎత్తితే సాగుతుంది చూడండి, అది కూడా దారాల చిక్కదనమే. పాకాన్ని, జిగురును గరిటెతో కలిపితే రెండూ ఒకేలా బరువనిపించవచ్చు. గరిటె పెద్దది. దారాల మధ్య ఖాళీలోనే పట్టేంత సన్నటి తోకకు మాత్రం అక్కడ తగిలేది నీరే.

అందుకే 1970ల్లోనే ఒక వింత బయటపడింది. పాలిమర్ కలిపి ద్రవాన్ని కొంచెం చిక్కబరిస్తే కొన్ని బ్యాక్టీరియాల ఈత వేగం తగ్గకపోగా పెరిగింది. 1979లో హోవర్డ్ బెర్గ్, లిండా టర్నర్ అనే శాస్త్రవేత్తలు దారాల అణువులున్న ద్రవాల్లో ఈత పాకంలో ఈత లాంటిది కాదని చూపించారు. తోక దారాల వలను ఊతంగా పట్టుకుని తోసుకుపోతుందని అన్నారు. 2014లో వచ్చిన మరో పరిశోధన దీన్ని ఇంకా తేటపరిచింది. పాత కొలతల్లో కనబడిన వేగం పెరుగుదలలో కొంత భాగం పాలిమర్‌లో కలిసి ఉన్న చిన్న అణువుల వల్ల వచ్చింది, బ్యాక్టీరియా వాటిని తిని బలం తెచ్చుకుంది. పాలిమర్‌ను శుభ్రం చేస్తే ఆ పెరుగుదల పోయింది. కానీ చాలా పొడవాటి అణువుల దగ్గర అసలైన విశేషం మిగిలింది. వేగంగా తిరిగే తోక తన చుట్టూ ఉన్న దారాలను సాగదీసి పక్కకు నెట్టి, తన దారిలో ద్రవాన్ని తనే పల్చన చేసుకుంటోంది. గరిటె జోరుగా తిప్పేకొద్దీ గట్టి పెరుగు జారుడవుతుంది కదా, అలా. ఆ కొలతలు ఈ.కోలై మీద చేసినవి. బ్డెల్లోవిబ్రియో తోక మీద అదనంగా ఒక పొర తొడుగు ఉంటుంది, కాబట్టి అంకెలు వేరుగా ఉండొచ్చు. నియమం మాత్రం అదే.

బాబాయి కఫం పాకం లాంటిది కాదు, బెండకాయ జిగురు జాతిది. సిస్టర్ అన్న ‘తీగలా సాగుతోంది’ అనే మాటలో ఇంకో కోణం కూడా ఉంది. క్లెబ్సియెల్లాలో కొన్ని రకాలను గుర్తుపట్టడానికి ల్యాబుల్లో చేసే పరీక్ష ఒకటుంది. పళ్ళెం మీద పెరిగిన చుక్కను సన్నటి తీగ చుట్టతో తాకి పైకి లాగుతారు. ఐదు మిల్లీమీటర్లకు మించి తీగ సాగితే ఆ క్రిమి బాగా జిగురు రకమని అర్థం. అరిసెల పాకాన్ని బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి తీగపాకం వచ్చిందా అని చూసే మా అమ్మమ్మ పరీక్షే ఇది. ఆ జిగురు క్రిమి తన చుట్టూ కట్టుకున్న చక్కెర పదార్థపు తొడుగు. మన రక్తంలోని రక్షక కణాలు పట్టుకోబోతే జారిపోవడానికి అది కవచంలా పనికొస్తుంది. మరి వేటగాడికి అడ్డమా? దట్టమైన తొడుగున్న ఈ.కోలై మీద 1997లో పరీక్షించి చూశారు. తొడుగును దాటుకుని బ్డెల్లోవిబ్రియో లోపలికి దూరిపోయింది. పైగా క్లెబ్సియెల్లాకు ఈత రాదు, దానికి తోకే లేదు. పారిపోలేని వేట అది.

ఈత అసలు కుదరని చోట కూడా ఈ వేటగాడి దగ్గర ఇంకో ఉపాయం ఉంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు దాని తోక పనిచెయ్యకుండా చేసి చూశారు. ద్రవంలో ఆ కుంటి వేటగాడు వేటను కలుసుకోలేకపోయాడు. వేట పక్కనే తీసుకెళ్ళి పెడితే మాత్రం మామూలుగానే లోపలికి దూరాడు. అంటే తోక వేటను చేరడానికే, దూరడానికి తోకతో పనిలేదు. ఆ తర్వాత తడిగా ఉన్న గట్టి ఉపరితలం మీద వదిలి గంటలకొద్దీ గమనిస్తే, తోక లేకుండానే నత్తలా జారుతూ పోవడం కనబడింది. గంటకు ఇరవై మైక్రోమీటర్ల ప్రాంతంలో. నీటిలో సెకనులో ఐదో వంతులో దాటే దూరం అది. అయినా బ్యాక్టీరియా ఒకదానికొకటి ఆనుకుని పొరలుగా పేరుకున్న చోట, అంటే పాచి పట్టిన చోట, ఆ జారుడు చాలు. పక్కింటికి పోవడానికి పరుగెందుకు? ఇలాంటి పాచి పొరలను బ్డెల్లోవిబ్రియో పల్చబరచగలదని 2005లోనే చూపించారు.

గోడలు కూడా వేటకు సాయం చేస్తాయి. ఈదే బ్యాక్టీరియా తన చుట్టూ ద్రవాన్ని తోస్తుంది, ఆ తోపుడు గోడకు తగిలి దాన్నే గోడకేసి లాగుతుంది. దాంతో గోడ పక్కనే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. వేట కూడా అదే గోడ పక్కకు చేరితే? 2017లో ఒక బృందం దీన్ని కొలిచింది. వేట ఎక్కడుందో వాసన పట్టి వేటగాడు పోతున్నాడన్న గుర్తులు వాళ్ళకు కనబడలేదు. ద్రవం ప్రవర్తన వల్లే రెండూ గోడల దగ్గర, గరుకుల చుట్టూ పోగై కలుసుకుంటున్నాయి. సినిమా విడిచే వేళకు గేటు దగ్గర అందరూ తారసపడ్డట్టు. విశాలమైన చెరువులో వెతకాల్సిన పని ఒక గట్టు పక్కన వెతికే పనిగా తగ్గిపోయింది.

ఇక నా మొదటి సందేహానికి వస్తాను. ఒంట్లో ఇది పనిచేస్తుందా? 2016లో జీబ్రా చేప పిల్లలకు షిగెల్లా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఎక్కించి, బ్డెల్లోవిబ్రియోను ఇంజెక్ట్ చేశారు. ఇవ్వని చేపలకంటే ఇచ్చినవి ఎక్కువగా బతికాయి. అదే సంవత్సరం ఎలుకల ఊపిరితిత్తుల్లో ఇదే క్లెబ్సియెల్లాను పెట్టి ఈ వేటగాళ్ళను పంపితే, క్రిముల సంఖ్య గట్టిగా పడిపోయింది. ఎలుకలకు హాని కనబడలేదు. 2017లో మనిషి రక్తపు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవంలో, చూసిన పరీక్షల్లో మాత్రం వేట బాగా దెబ్బతింది. సీరం పెద్ద చిక్కన కాదు, నీటికంటే కొంచెమే ఎక్కువ. అడ్డుపడింది అందులోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్, కరిగి ఉన్న లవణాల గాఢత. పాలిమర్ కలిపిన చిక్కటి ద్రవంలో నెమ్మదించినా వేటాడిన జీవి, పల్చటి సీరంలో ఇబ్బంది పడింది. నాకైతే ఇది చాలా ముఖ్యమైన సంగతి. ద్రవం ఎంత చిక్కగా ఉందో కొలిస్తే సరిపోదు, అందులో ఏముందో చూడాలి.

ఇవన్నీ హైదరాబాద్‌లో కూర్చుని చదువుతుంటే దూరపు కబుర్లలా అనిపించవు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన క్రిములు మందులకు లొంగడం మానేస్తాయి. బాబాయి రిపోర్టులోని ‘ఆర్’ల వరుస చూసినప్పుడు నాకు ఆ అంకే గుర్తొచ్చింది. బ్డెల్లోవిబ్రియో జాతి వేటగాళ్ళు మట్టిలో, నదుల్లో, మురుగునీటిలో సహజంగా ఉండేవే. మందుకు లొంగిందా లేదా అన్నది వాటికి పట్టదు. తినడానికి పనికొస్తుందా అన్నదే చూస్తాయి.

కఫంలో మిగిలే అసలు చిక్కు ఈత వేగానిది కాదు, వల కన్నాల సైజుది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బున్నవాళ్ళ కఫంలో దారాల వల కన్నాలను కొలిస్తే సగటున 140 నానోమీటర్లు వచ్చాయి (నానోమీటరు అంటే మైక్రోమీటరులో వెయ్యో వంతు). మన వేటగాడి ఒంటి వెడల్పు అంతకు రెట్టింపు పైమాటే. అలాంటి వల దగ్గర తోక ఎంత తిప్పినా ఒళ్ళు పట్టదు. వలను చీల్చుకునే కత్తెర కావాలి. 2004లో దీని జన్యుపటాన్ని చదివినప్పుడు ప్రోటీన్లను తుంచే ఎంజైములకు 150 దాకా, డీఎన్ఏను తుంచేవాటికి 20 దాకా జన్యువులు బయటపడ్డాయి. వేట కడుపులో కూర్చుని దాన్ని కరిగించుకోవడానికి ఉన్న సరంజామా ఇది. కఫాన్ని తీగలా సాగదీసేవి కూడా ప్రోటీన్లు, డీఎన్ఏలే: మ్యూసిన్ అనే ప్రోటీన్ దారాలు, చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్ఏ. బ్డెల్లోవిబ్రియో వదిలే ప్రోటీన్ కత్తెరలు స్టెఫైలోకాకస్ అనే మరో బ్యాక్టీరియా పాచి పొరను విడగొట్టాయని 2014లో చూశారు. స్టెఫైలోకాకస్ దాని వేట కూడా కాదు.

బాబాయికి కఫం పల్చబడటానికి రోజుకు నాలుగు సార్లు నెబ్యులైజర్ పెట్టి, వీపు తట్టి, ఆ తర్వాత గొట్టం వేసేవాళ్ళు. ఆ గొట్టంలోకి వచ్చి పారబోసే కఫంతోనే చెయ్యదగ్గ పరీక్ష ఒకటుంది. కొంత కఫంలో వేటగాళ్ళను కలపాలి, కొంత అలాగే ఉంచాలి. రెండింటిలోనూ నానోమీటర్ల సైజు మెరిసే పూసలు వదిలి, మొదటి గంటలో ఎంత దూరం కదిలాయో, ఆరో గంటలో ఎంత దూరం కదిలాయో కొలవాలి. వేటగాళ్ళున్న గిన్నెలో ఆరో గంటకు పూసలు ఇంకా స్వేచ్ఛగా కదులుతున్నాయంటే, వేటగాళ్ళు తమ దారిని తామే పల్చన చేసుకుంటున్నారని అర్థం.